అమ్మ మీద ఫిర్యాదు

కిందటి వారం మనం ఉర్సులాని ఆల్డర్‌కోట్ బడి వంటింట్లో, చేతిలో సగం చెక్కిన బంగాళాదుంపతో వదిలేశాం. వంటావిడ నెల్ అప్పుడే ఆ కబురు ఆమె చెవిన వేసింది. "రేపటి సభలో నీ మీద ఫిర్యాదు ఉందట, తల్లీ. పెట్టింది ఇంకెవరో కాదు, నీ కూతురే." అంత మాటా అనేసి, తనకేమీ సంబంధం లేనట్టు పొయ్యి మీది గిన్నెకి మూత సర్దుకుంది నెల్. ఉర్సులా ఆ దుంపని చెక్కుతూనే ఉంది. చెక్కి చెక్కి అది గోలీకాయంత అయ్యాక గానీ చేతిలో ఏముందో చూసుకోలేదు.

ఆల్డర్‌కోట్ సంగతి తెలియనివాళ్ళకి ఆ మాటకి అంత బెంబేలు పడటం ఎందుకో అంతుపట్టదు. ఇంగ్లండులో ష్రాప్‌షైర్ కొండల మధ్యనున్న ఆ బడిలో బెత్తం లేదు, మార్కులు లేవు, యూనిఫారం లేదు. బుద్ధి పుట్టిన పిల్ల పాఠానికి వెళుతుంది, పుట్టని పిల్ల చెట్టెక్కి కూర్చుంటుంది. హెడ్మాస్టరుని ఆరేళ్ళ పిల్లాడు కూడా "ఎడ్విన్" అని పేరు పెట్టే పిలుస్తాడు, ఆయన పలుకుతాడు. అన్నిటికీ ఇంత అలుసిచ్చే ఆ బడిలో శుక్రవారం సభ అంటే మాత్రం అందరికీ హడలే. బడి మొత్తం హాల్లో నేలమీద కూర్చుంటుంది. మనిషికో చెయ్యి, చేతికో ఓటు. ఆరేళ్ళవాడి చెయ్యీ, ఎడ్విన్ చెయ్యీ ఒకటే. ఎవరి మీద ఎవరైనా ఫిర్యాదు పెట్టొచ్చు. ఓసారి ఎవరి వంతు జామ్ ఎవరు తిన్నారన్న విషయంలో ఎడ్విన్‌నే కూర్చోబెట్టి దులిపేశారు.

మామూలుగా తల్లిదండ్రులకి ఈ సభతో పని లేదు. వాళ్ళు గేటు దగ్గర పిల్లల్ని దింపి పోయేవాళ్ళు. కానీ బడిలో పనిచేసే ప్రతివాళ్ళూ సభకి కట్టుబడాలి. ఉర్సులా పనిచేస్తుంది. జీతం లేకుండా, ఎవరూ పిలవకుండా, బడి తెరిచిన ప్రతిరోజూ చేస్తుంది. దుంపలు చెక్కుతుంది, కర్టెన్లు కుడుతుంది, నాటకాల బట్టలు ఇస్త్రీ చేస్తుంది. బడి చూడటానికి వచ్చే కొత్త తల్లిదండ్రులకి టీ పోసి ధైర్యం చెప్పేదీ ఆమే. "ఏడాదిపాటు లెక్కల క్లాసు మొహం చూడకపోయినా కంగారు పడకండి. మీరు ముందుగా తెలుసుకోవాల్సింది ఒక్కటే. ఇక్కడ పిల్లల మాట వింటారు. వింటున్నట్టు నటించరు, నిజంగా వింటారు." ఈ మాట ఎంతమందికి చెప్పిందో ఆమెకే గుర్తులేదు. చెప్పినప్పుడల్లా గొంతులో ఇంటి యజమానురాలి ధీమా ఉండేది.

ఆమె భర్త డెరిక్ ఇంకొకావిడతో బ్రిస్టల్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూతురు టామ్సిన్ ఊళ్ళో బడిలో ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. అప్పుడే ఉర్సులా పిల్లని తెచ్చి ఆల్డర్‌కోట్‌లో చేర్చింది. చేర్చిన రోజున ఎడ్విన్ ఒక మాటన్నాడు. "మీరు చేరుస్తున్నది టామ్సిన్‌ని. చాలామంది తల్లిదండ్రులు పిల్లతోపాటు తామూ చేరిపోతారు. అది కాస్త చూసుకోండి." ఉర్సులా నవ్వేసింది. మర్యాదకి ఏదో అన్నాడనుకుంది. ఈ దేశంలో మర్యాదకి అనే మాటలు ఎన్ని ఉంటాయంటే, అసలు మాట వచ్చినా మనిషి గుర్తుపట్టలేడు.

శుక్రవారం పొద్దున వాన. పెట్రోలు ధర మండిపోతున్న ఆ రోజుల్లో ఉర్సులా పాత మోరిస్ కారు బడికి తప్ప ఇంకెక్కడికీ కదిలేది కాదు. టామ్సిన్ వెనక సీట్లో కూర్చుంది. ఎప్పుడూ ముందు కూర్చునే పిల్ల.

"నేనేం చేశానో చెప్పవూ?" అంది ఉర్సులా అద్దంలో చూస్తూ.

"సభలో చెప్తాను."

"నేను నీ అమ్మనే టామీ. నాతో చెప్పుకోడానికి మధ్యలో సభ ఎందుకు?"

"ముందుగా మాట్లాడుకోకూడదు. అది రూలు."

"రూలు నాకు తెలీదా?"

"తెలిస్తే అడుగుతావెందుకు మరి?"

పదేళ్ళ పిల్ల పుల్ల విరిచినట్టు అలా అంటుంటే ఉర్సులాకి కోపం రాలేదు, భయం వేసింది. ఇంట్లో ఆ ఇద్దరే మనుషులు. అందులో ఒకరు వెనక సీట్లోకి వెళ్ళిపోతే మిగిలేది ఎవరు? పాలు పోసేవాడితో వాన గురించి రెండు ముక్కలు, దుకాణంలో మరో రెండు. శనివారం వచ్చిందంటే ఆమెకి గుండెల్లో రాయి పడ్డట్టుండేది. ఆదివారం మధ్యాహ్నం రేడియో పెట్టుకుని, అందులో మాట్లాడేవాళ్ళకి మధ్యమధ్య జవాబులు చెప్పేది. సోమవారం పొద్దున బడి గేటు కనిపించాక గానీ ఊపిరి ఆడేది కాదు. గేటు లోపల ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు అరవైమంది దాకా ఉన్నారు. ఆ రెండు రోజులు ఆమె ఎలా గడిపిందో ఆ అరవైమందిలో ఎవరికీ తెలియదు.

సభ మొదలైంది. ఆ టర్ములో సభ నడిపేది ప్రూ. పళ్ళకి తీగ కట్టించుకున్న పదమూడేళ్ళ పిల్ల, మాట మాత్రం జడ్జీ మాట. మొదటి ఫిర్యాదు ఎనిమిదేళ్ళ బార్నబీది. తన ముళ్ళపంది కోసం కట్టిన ఆకుల ఇంటి మీద ఎవరో కూర్చున్నారట. కూర్చున్నవాడు ఒప్పేసుకున్నాడు. ముళ్ళపంది ఇంట్లో ఉందా అని ఎవరో అడిగారు. అది ఎప్పుడూ రాలేదన్నాడు బార్నబీ. అందరూ నవ్వారు. ఉర్సులా కూడా నవ్వబోయి, ఈవేళ తను నవ్వొచ్చో లేదో తెలియక ఆగిపోయింది.

"తర్వాత టామ్సిన్," అంది ప్రూ. "ఎవరి మీద?"

"ఉర్సులా మీద."

ఆ బడిలో అందరూ అందర్నీ పేర్లతోనే పిలుస్తారు. అయినా కన్నకూతురి నోట తన పేరు ఉర్సులాకి పరాయి మనిషి పేరులా వినబడింది.

"ఏంటి ఫిర్యాదు?"

"తను రోజూ బడికి వస్తోంది. రాకూడదని అడుగుతున్నాను."

హాల్లో గుసగుసలు లేచాయి. బార్నబీ ఉండబట్టలేక అరిచాడు. "అయితే ఆపిల్ పుడింగ్ ఎవరు చేస్తారు?"

"చెయ్యెత్తి మాట్లాడు బార్నబీ."

వాడు చెయ్యెత్తాడు. "ఆపిల్ పుడింగ్ ఎవరు చేస్తారు?"

"ఆవిడ రాకముందు మీరంతా పస్తులున్నార్రా?" అంది నెల్ వెనకనుంచి. తనూ చెయ్యెత్తడం మర్చిపోయింది.

ప్రూ అందర్నీ సద్దుమణిగించి, "ఉర్సులా, నువ్వేమైనా చెప్తావా?" అంది.

ఉర్సులా లేచి నిలబడింది. సభలో ఎవరూ లేచి మాట్లాడరు. అది తెలిసీ లేచింది, చిన్నప్పుడు తన ఊళ్ళో చర్చి బడిలో పంతులమ్మ ముందు లేచినట్టు. "కూర్చునే చెప్పొచ్చు" అని ప్రూ మెల్లగా అనేసరికి ఆమె ముఖం కందగడ్డ అయింది.

"నేను దాని క్లాసులోకి ఏనాడూ తొంగి చూడలేదు," అంది కూర్చుంటూ. "దాని స్నేహితుల జోలికి పోలేదు. చదివిందా, రాసిందా అని అడగలేదు. మీకందరికీ తెలుసు. మిగతా అమ్మానాన్నలు ఇంటికెళ్ళి గుట్టుగా ఎక్కాలు చెప్పిస్తారు, నేనది కూడా చెయ్యలేదు. నా పని నేను చేసుకుంటున్నాను. నేనెవరికి అడ్డం వచ్చాను?"

నిజమే. బడి చెప్పిన నియమాలు ఉర్సులా పాటించినట్టు ఇంకే తల్లీ పాటించలేదు. పిల్లని పిల్ల మానాన వదిలెయ్యమన్నారు, వదిలేసింది. పిల్లని వదిలేసి బడిని పట్టుకుంది. ఆ ముక్క ఆమెకి మళ్ళీ చెప్పే నాథుడు లేకపోయాడు.

ప్రూ టామ్సిన్ వైపు తిరిగింది. "నీకు అడ్డం వచ్చిందా?"

"రాలేదు."

"నిన్ను తిట్టిందా? నలుగురిలో నీ పరువు తీసిందా?"

"లేదు."

"మరి?"

టామ్సిన్ మేజోడు పైకి లాక్కుంది. లాగింది మళ్ళీ కిందికి జారింది. హాలు మొత్తం ఎదురుచూసింది. ఎదురుచూడటం ఆ పిల్లలకి బాగా వచ్చు. లెక్కలు రాకపోవచ్చు గానీ అది వచ్చు.

"చెప్పకపోతే మాకు అర్థం కాదు కదా," అంది ప్రూ. ఈసారి ఆ గొంతులో జడ్జీ లేడు.

"నేను ఆడుకుంటుంటాను కదా," అంది టామ్సిన్, నేలకేసి చూస్తూ. "ఆడుతూ ఆడుతూ వంటింటి కిటికీ వైపు చూస్తాను. అమ్మ నవ్వుతూ ఉంటే మళ్ళీ ఆడతాను. నవ్వకపోతే ఆడలేను. ఇంట్లో ఎలాగూ చూసుకోవాలి. బడిలో కూడా చూసుకోవాలంటే నాకు టైము ఉండట్లేదు."

"ఏం చూసుకోవాలి?" అన్నాడు బార్నబీ. ఈసారి చెయ్యెత్తే అడిగాడు.

"ఏడుస్తోందేమోనని."

ఉర్సులాకి తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "నేనెప్పుడూ నీ ముందు ఏడవలేదే!"

"నా ముందు ఏడవవు," అంది టామ్సిన్. "అందుకే వెతుక్కోవాల్సి వస్తోంది."

తన ఏడుపు ఇంత పెద్ద గదిలో, ఇంతమంది మధ్య బయటపడుతుందని ఉర్సులా కలలో కూడా అనుకోలేదు. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది. పొయ్యి పక్కన, కుళాయి తిప్పుకుని, ఉల్లిపాయలు తరిగేటప్పుడు, ఎంత జాగ్రత్తపడింది! ఆ జాగ్రత్తంతా కిటికీ అవతలనుంచి ఒక జత కళ్ళు చూస్తూనే ఉన్నాయన్నమాట.

ఆమె ఎడ్విన్ కోసం చూసింది. ఆయన గోడకి జేరబడి, మోకాళ్ళు ముడుచుకుని, మోచేతుల దగ్గర అతుకులేసిన స్వెటరులో కూర్చుని ఉన్నాడు. ఆ అతుకులు వేసింది ఉర్సులాయే.

"ఎడ్విన్, నువ్వేమీ అనవా?"

"నాకూ ఒక్క చెయ్యే ఉంది ఉర్సులా."

"అదే. ఆ ఒక్క చెయ్యీ ఎటు?"

"రాకూడదనేవాళ్ళు?" అని ప్రూ అడిగినప్పుడు మిగతా చేతులతోపాటు ఆయన చెయ్యీ లేచింది. ఆయన ఆమె వైపే చూస్తూ ఎత్తాడు, ముఖం తిప్పుకోలేదు. అందుకైనా ఆయన్ని మెచ్చుకోవాలేమో గానీ, మెచ్చుకునే స్థితిలో ఆమె లేదు. బార్నబీ కూడా ఎత్తాడు, పుడింగ్ మీద ఆశ వదులుకుని.

ఆ క్షణాన ఉర్సులాకి ఒళ్ళు మండింది. పిల్లలు తల్లి మీద ఓట్లు వేసే బడి ఒక బడేనా? ఈ బడి గురించి ఊళ్ళోవాళ్ళు వెనకాల ఏమనుకుంటారో, తను ఎన్నిసార్లు వాళ్ళతో పోట్లాడిందో, అదంతా వాళ్ళ వైపునుంచి ఒక్కసారి చూసింది. లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని, కారెక్కి పోతే ఎవరు ఆపుతారు? డబ్బు కట్టేది ఎవరు, కన్నది ఎవరు? ఈ తీగపళ్ళ పిల్లా తనకి తీర్పు చెప్పేది!

"తీర్మానం అయింది," అంది ప్రూ. "కానీ ఉర్సులా ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే వచ్చే వారం మళ్ళీ మాట్లాడుకుంటాం. ఏదో ఒకటి చెప్పేదాకా ఎవరూ లేవకూడదు."

అది ఆల్డర్‌కోట్‌లో మొదట్నుంచీ ఉన్న పద్ధతి. ఎవరి గురించి తీర్మానమో ఆ మనిషి నోరు విప్పి అవునో కాదో అనేదాకా సభ కదలదు. భోజనం చల్లారిపోయినా సరే. ఒకసారి మొండిపిల్లాడొకడు పెదవి విప్పకపోతే చీకటి పడేదాకా అందరూ అలాగే కూర్చున్నారు. ఉర్సులా కొత్త తల్లిదండ్రులకి ఈ కథ ఎంత ముచ్చటగా చెప్పేదో.

కాదనొచ్చు. ఒక్క మాట చాలు. సోమవారం మళ్ళీ గేటు దాటి రావచ్చు, నెల్ పక్కన నిలబడొచ్చు, ఎవరో ఒకరు "ఉర్సులా, నా బొత్తాం ఊడిపోయింది" అని పరిగెత్తుకు రావచ్చు. ఆమె టామ్సిన్ వైపు చూసింది. పిల్ల తలెత్తలేదు. కానీ ఆ చిన్న భుజాలు రెండూ చెవుల దాకా బిగుసుకుని ఉన్నాయి. డెరిక్ వెళ్ళిపోయిన రోజున మెట్లమీద కూర్చున్నప్పుడు అలాగే ఉన్నాయి.

"ఒప్పుకుంటున్నాను," అంది ఉర్సులా. "సోమవారంనుంచి రాను."

టామ్సిన్ భుజాలు దిగాయి. అది చూశాక ఉర్సులాకి కోపం నిలబడలేదు. అంత సుఖపడిందా తల్లి రానన్నందుకు? ఆ సుఖం చూడటంకంటే ఆ పిల్ల తనని నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

"ఎవరికైనా ఇంకేమైనా మిగిలిందా?" అని అడిగింది ప్రూ, సభ ముగిసేముందు ఎప్పుడూ అడిగే మాట.

టామ్సిన్ చెయ్యి లేచింది. "నాకు ఇంకోటి ఉంది. అది తను లేకుండా చెప్పాలి."

ప్రూ ఎడ్విన్ వైపు చూసింది. ఎడ్విన్ సరేనన్నట్టు తల కొంచెం వంచాడు. "అది కూడా రూలే ఉర్సులా," అంది ప్రూ మొహమాటపడుతూ. "బయట ఉంటావా? తర్వాత అంతా నీకు చెప్పేస్తాం. ఏమీ దాచం."

బయట నడవలో పిల్లల తడి కోట్లు వరసగా వేలాడుతున్నాయి. కింద బురద బూట్లు, ఏ కాలిది ఏదో తెలియకుండా. ఉర్సులా అలవాటుకొద్దీ వంగి రెండు బూట్లు జతచేసింది, మూడోది పట్టుకుని ఆగిపోయింది. ఇది ఇక తన పని కాదు. సోమవారం ఎన్నింటికి లేవాలి? లేచి ఏం చెయ్యాలి? పిల్లని గేటు దగ్గర దింపాక కారుని ఎటు తిప్పాలి? ఇన్నాళ్ళూ కూతురికి తోడుగా వస్తున్నాననుకుంది. తోడు ఎవరికి కావలసివచ్చిందో ఆ నడవలో ఒంటరిగా నిలబడితే గానీ తెలిసిరాలేదు. తెలిసింది గదా అని మనసు తేలికపడలేదు. బూటు పట్టుకునే నిలబడింది.

తలుపుకున్న అద్దంలోంచి టామ్సిన్ వీపు కనిపిస్తోంది. మాట్లాడుతోంది. ఊరి బడిలో నెలల తరబడి పెదవి విప్పని పిల్ల, ఇప్పుడు చేతులు తిప్పుతూ, ఆగుతూ, మళ్ళీ మొదలుపెడుతూ మాట్లాడుతోంది. ఏం చెబుతోందో ఒక్క ముక్క వినబడదు. వింటున్నవాళ్ళ ముఖాలే కనిపిస్తున్నాయి. ప్రూ పెదవి కొరుక్కుంది. నెల్ ఆప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత చేతులు ఒక్కొక్కటే లేచాయి. ఎడ్విన్ చెయ్యి మాత్రం చాలాసేపు లేవలేదు. లేచినప్పుడు కూడా బరువు మోస్తున్నట్టు లేచింది.

ప్రూ తలుపు తీసింది. "రా ఉర్సులా."

ఉర్సులా గుమ్మంలోనే నిలబడింది. హాలు మొత్తం ఆమె వైపు తిరిగింది.

"టామ్సిన్ పై ఇంట్లో ఉంటానంటోంది," అంది ప్రూ. పై ఇల్లంటే దూరంనుంచి వచ్చిన పిల్లలు ఉండే బోర్డింగు. కొండ మీద, బడి వెనక. "టర్ము మొత్తం అక్కడే. సెలవులకి ఇంటికొస్తుంది. ఒక మంచం ఖాళీ ఉంది. సభకి ఇష్టమే. కానీ దీనికి నీ ఒప్పుదల కావాలి. నువ్వు వద్దంటే ఇది ఇక్కడితో సరి." ఒక్క క్షణం ఆగి, ఆ పిల్ల తనంతట తనే ఇంకో ముక్క కలిపింది. "నీ ముఖం చూస్తే ఈ మాట చెప్పలేనంది. అందుకే బయట ఉండమన్నాం. నిన్ను వెళ్ళగొట్టలేదు."

వంటింట్లోంచి ఉడికిన దుంపల వాసన వస్తోంది. భోజనం వేళ దాటిపోయింది. అయినా అరవైమంది పిల్లలూ నేలమీద కాళ్ళు ముడుచుకుని, ఆ తల్లి జవాబు కోసం ఓపిగ్గా కూర్చున్నారు.

తల్లులందరికీ ఇలాంటప్పుడు అక్కరకొచ్చే మాట ఒకటుంటుంది. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. ఉర్సులా ఆ మాటే అందామనుకుంది. ఎంతో మామూలుగా, ఓ చిరునవ్వు కూడా చేర్చి, అందామనే నోరు తెరిచింది. కానీ ఇంటికెళ్ళి అన్న మాట దగ్గరే ఆగిపోయింది. కళ్ళ ముందు ఇల్లు కనిపించింది. రెండు కుర్చీలు, రెండు కప్పులు, ఎవరూ లేని మంగళవారం మధ్యాహ్నం.

"మరి నేను?" అంది.

పెద్దగా అనలేదు. కానీ చివర కూర్చున్న బార్నబీకి కూడా వినబడింది. తన నోట ఏమొచ్చిందో అర్థమై ఉర్సులా చేతిలోని బూటునే నోటికి అడ్డం పెట్టుకుంది. ఎడ్విన్ తల వంచుకున్నాడు. ప్రూ జవాబు కోసం హాలంతా కలయజూసింది. సభ నడిపే పిల్లకి ఎప్పుడూ ఇలాంటి ప్రశ్న ఎదురవ్వలేదు.

అప్పుడు కిటికీ దగ్గర కూర్చున్న టామ్సిన్ తలెత్తింది. ఆ రోజు మొదటిసారి తల్లి కళ్ళలోకి తిన్నగా చూస్తూ, మాట్లాడటానికి చెయ్యి పైకెత్తింది.